ఆళ్లగడ్డలో యాడ తినాల?

హోటల్ బాగుందని రాయడానికి విలేకరి అక్కర్లేదు. ఫోను ఉంటే చాలు. బాగాలేదని రాసి, మరుసటి రోజు అదే హోటల్ ముందు నుంచి నడిచి ఆఫీసుకు పోగలిగినవాడు విలేకరి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి "అన్నా, తిండి గురించి ఎట్ల రాయాల?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది. కోపంగా రాస్తున్నానని ముందే చెబుతున్నాను. చల్లారాక రాద్దామని ఆగి చూశాను. చల్లారలేదు.

నేను నంద్యాలలో ఒక దినపత్రికకు పనిచేశాను. నంద్యాల జిల్లా కాకముందే చేరాను, అయ్యాక రిటైరయ్యాను. దొంగతనాలు, పంట నష్టాలు, కాలువ నీళ్ల గొడవలు, అహోబిలం తిరునాళ్లు, అన్నీ రాశాను. జనం మాత్రం నన్ను గుర్తుపెట్టుకున్నది ఆదివారం వచ్చే ఒక చిన్న శీర్షికతో. చుట్టుపక్కల ఊళ్లలో చిన్న హోటళ్లు, బండ్లు, మెస్సులు, ఎక్కడ ఏది బాగుంటుందో అందులో రాసేవాణ్ణి. శ్రీశైలం పోయే యాత్రికులు దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని వచ్చేవాళ్లు. నా జీతం, నా హోదా, నాకు కప్పిన శాలువాలు, వీటి గురించి ఇక్కడ రాయను. వాటిలో ఎవరూ నేర్చుకునేదేమీ లేదు.

ఉప్పు సరిపోయిందా లేదా

నా మొదటి బాసు నరసింహం సారు. నూనెపల్లెలో ఒక ఉగ్గాని బండి గురించి నేను రాసిన మొదటి ముక్కలో "నోరూరించే అద్భుతమైన ఉగ్గాని" అని రాశాను. ఆయన కాగితం పక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"అద్భుతం అంటే ఏందప్పా?"

"చాలా బాగుంది సార్."

"బొరుగులు నానేసి గట్టిగా పిండినాడా, నీళ్లు కారుతాండెనా? పుట్నాల పొడి వేసినాడా లేదా? బజ్జీ మిరపకాయలో గింజలు తీసినాడా? ఉప్పు సరిపోయిందా? అది రాయి. అద్భుతమో కాదో తిన్నోడు చెప్పుకుంటాడు."

మరుసటి పొద్దున మళ్లీ పోయి తిన్నాను. ఈసారి కళ్లు తెరుచుకుని తిన్నాను. అప్పటి నుంచి ఏ హోటల్లోనైనా రెండుసార్లు తినకుండా రాయలేదు. మనమెవరో చెప్పుకోకుండా తినాలి, దుడ్లిచ్చి తినాలి, రెండోసారి ఆలస్యంగా పోవాలి. మిట్టమధ్యాహ్నం ఏ హోటలైనా బాగానే ఉంటుంది. మూడు గంటలకు గిన్నె అడుగున మిగిలింది ఎలా ఉందో చూస్తేనే వంటవాడి మనసు తెలుస్తుంది.

సారు బావమరిది గాంధీ చౌక్ దగ్గర కొత్తగా టిఫిన్ సెంటర్ పెట్టాడు. దాని గురించి రాయమని ఇంట్లో సారు భార్య పోరు. సారు నాతో అన్నాడు: "నువ్వు పోయి తిను. బాగుంటే రాయి. బాగాలేకుంటే మా ఇంటికొచ్చి మా ఆమెకు నువ్వే చెప్పు." పోయి తిన్నాను. సాంబారు పులిసిపోయి ఉంది. రెండోసారి పోయినప్పుడు కూడా అంతే. భయపడుతూనే వాళ్లింటికి పోయి ఆమెతో చెప్పాను. ఆమె తల ఊపి, "వాని చెయ్యి నాకు తెల్దా అప్పా, చిన్నప్పుడు ఉప్మా చేస్తే కుక్క గూడా తినలే" అని నాకు మజ్జిగ ఇచ్చింది. ఆ టిఫిన్ సెంటర్ గురించి మా పేపర్లో ఒక్క అక్షరం రాలేదు.

ఒక బాసు ఎలా ఉండాలో చెప్పడానికి ఇది రాశాను. ఎలా ఉండకూడదో తర్వాత వస్తుంది.

లారీలు ఆగితే మంచి హోటలా?

కాదు. ఇది జనం నమ్మే పెద్ద అబద్ధం. లారీ నిలపడానికి జాగా ఉన్నచోట లారీ ఆగుతుంది. డ్రైవరుకు నిద్ర వస్తున్నప్పుడు వాడికి రుచి ఎక్కడిది?

పాత హోటలంటే మంచి హోటలనేది ఇంకో అబద్ధం. తండ్రి చేతి రుచి కొడుకు చేతికి రావాలని ఎక్కడా లేదు. తండ్రి ఫోటోకు దండ వేసి, ఆయన పేరు చెప్పి, నిన్నటి చట్నీలో ఈరోజు కొబ్బరి కలిపి పెట్టేవాళ్లను చూశాను.

చేతులు కడుక్కునే చోటు చూడండి. అక్కడ నీళ్లు నిలబడి పాచి పట్టి ఉంటే, మీ కంటికి కనపడని వంటగది ఇంకెలా ఉంటుందో ఊహించుకోండి. చట్నీ గిన్నె మీద మూత ఉందా చూడండి. ఎవరైనా "ఈరోజు ఇది లేదు, అయిపోయింది" అంటే ఆ హోటల్‌ను నమ్మండి. ఏది అడిగినా ఉందనేచోట ఏదీ ఈరోజుది కాదు.

చాగలమర్రిలో బస్టాండు దాటాక ఒక ఆమె దోసె మీద ఎర్రకారం పూసి ఇచ్చేది. కడప వైపు పోయేవాళ్లు బస్సు దిగి తినేవాళ్లు. పది గంటలకు పిండి అయిపోతే పెనం బోర్లించి ఇంటికి పోయేది. బండి ఆత్మకూరులో ఒకాయన పొంగణాలు మాత్రమే వేసేవాడు, ఇంకేమీ చేసేవాడు కాదు. ఇట్లాంటి వాళ్లే ఈ ప్రాంతపు వంట. వీళ్ల దగ్గర బోర్డు లేదు, ఏసీ లేదు, ప్రకటన ఇచ్చే స్తోమత లేదు. అందుకే పత్రిక వీళ్లకు బాకీ పడి ఉంది. ఇప్పుడు ఫోను పట్టుకుని తిరిగే కుర్రాళ్లు పెద్ద హోటల్లో ఉత్తపుణ్యానికి తిని, మొదటి ముద్ద నోట్లో పెట్టకముందే కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. దాన్ని రుచి చెప్పడం అనరు. దానికి వేరే పేరు ఉంది, ఇక్కడ రాయను.

మాబక్క హోటల్

ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల నుంచి శిల్పాలు చెక్కే షెడ్ల వైపు పోయే దారిలో ఉండేది. ఆమె పేరు మాబున్నీ. అందరూ మాబక్క అనేవాళ్లు. భర్త రాళ్లు కోసే మిషను దగ్గర పనిచేసి, దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ఆ షెడ్లలో పనిచేసేవాళ్లకే ఆమె పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం జొన్న రొట్టె పెట్టేది. వాళ్లు కనుబొమల నిండా రాతి పొడితో వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లు. రొట్టెతో పాటు ఆ పూట ఏ కూర ఉంటే అది. దాంతో వేరుశెనగలు నూరిన పచ్చడి, బుడ్డల ఊరుబిండి. రొట్టెను కాగితమంత పల్చగా తట్టి, పెనం మీద తడిగుడ్డతో తుడిచి తిప్పేది. పొంగిన రొట్టె నేరుగా పళ్లెంలోకి. చల్లారిన రొట్టె ఎవరికీ పెట్టగా నేను చూడలేదు.

ఒక ఆదివారం ఆమె గురించి రాశాను. తర్వాత పోయినప్పుడు ఆమె నవ్వలేదు. "ఏం రాసినావో నాకు తెల్దు గానీ సుబ్బన్నా, కార్లలో వస్తాండారు. నా మనుషులకు బెంచీ దొరకడం లే. ఇంగ రాయొద్దు" అంది. మళ్లీ రాయలేదు. తినడం మాత్రం మానలేదు.

ఒక శనివారం, బండి ఆత్మకూరు దగ్గరి ఒక పల్లె నుంచి పెళ్లివాళ్లు బస్సు మాట్లాడుకుని అహోబిలం బయల్దేరారు. దారిలో మాబక్క దగ్గర ఆగి ఉగ్గాని తిన్నారు. కొండ దగ్గర పెళ్లి అయింది. తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద పెద్ద హోటల్లో భోజనాలు ముందే చెప్పి పెట్టారు. కోడి బిర్యానీ. ఆ హోటల్ పేరు రాయను, ఈ కథకు అవసరం లేదు. నంద్యాల చేరకముందే బస్సులో వాంతులు మొదలయ్యాయి. పొద్దుగూకే వేళకు సగం పెళ్లి ఆసుపత్రిలో ఉంది.

నేను పోయేసరికి మంచాలు చాలక కొందరిని నేల మీద పడుకోబెట్టారు. పెళ్లికూతురి చేతికి గోరింటాకు ఎర్రగా ఉంది, అదే చేతికి సెలైన్ సూది ఉంది. పెళ్లికొడుకు పక్క మంచం మీద కళ్లు తెరవలేకుండా ఉన్నాడు. వాళ్లందరి మధ్య ఒక ముసలామె చెంబుతో నీళ్లు పట్టుకుని తిరుగుతోంది. పెళ్లికూతురి అవ్వ, పేరు లక్ష్మమ్మ.

"అవ్వా, నీకేం కాలేదా?"

"శనివారం నాకు ఒక్కపొద్దు నాయనా. పొద్దున ఉగ్గాని తిన్యా, అంతే. ఆ హోటల్లో నీళ్లు గూడా ముట్టలే."

"పొద్దున మీతో పాటు తినకుండా, నేరుగా అహోబిలం వచ్చినవాళ్లు ఎవరన్నా ఉండారా?"

"పెళ్లికొడుకు మేనమామోళ్లు. మద్దేనం బిర్యానీ తిన్యారు. అద్దో, ఆ మూల పడుండారు."

ఇంతకంటే ఏం కావాలి? ఉగ్గాని మాత్రమే తిన్న ఆమె నిలబడి ఉంది. బిర్యానీ మాత్రమే తిన్నవాళ్లు పడిపోయారు. మేనమామ దగ్గరికి పోయి అడిగాను, అవునన్నాడు. డ్యూటీ డాక్టరుతో మాట్లాడాను, మధ్యాహ్నం తిన్న మాంసమే అయుంటుందన్నాడు. అన్నీ రాసి, అవ్వ మాటలు, మేనమామ మాటలు వాళ్ల పేర్లతో సహా పంపాను.

రెండు నిజాలు

పొద్దున పేపరు తెరిస్తే శీర్షిక ఇలా ఉంది: "ఆళ్లగడ్డలో టిఫిన్.. పెళ్లి బృందానికి అస్వస్థత". మొదటి పేరాలో నాలుగు రోడ్ల దగ్గరి చిన్న హోటల్, అక్కడ తిన్న ఉగ్గాని. అవ్వ లేదు. మేనమామ లేడు. డాక్టరు లేడు. చివరి వాక్యంలో "మధ్యాహ్నం మార్గమధ్యంలో భోజనం చేశారు" అని ఉంది. పైన నా పేరు ఉంది. అదే పేజీ కింది సగంలో పెద్ద హోటల్ ప్రకటన. పెళ్లి భోజనాలకు ఆర్డర్లు తీసుకుంటామని.

అప్పటికి నరసింహం సారు లేడు. మా కొత్త ఇంచార్జి పేరు మధు అనుకుందాం. ఫోను చేశాను.

"నేను రాసింది ఇది కాదు సార్."

"నువ్వు రాసిందే. కుదించినాం."

"అవ్వ మాట యాడ పోయింది?"

"స్థలం లేదు. అయినా ఇందులో అబద్ధమేముంది చెప్పు. వాళ్లు ఆళ్లగడ్డలో తిన్నారా లేదా?"

"తిన్యారు."

"అస్వస్థతకు గురయ్యారా లేదా?"

"అయినారు."

"రెండూ నిజాలే కదా. మధ్యలో 'అందువల్ల' అని ఎక్కడైనా రాశామా?"

నా ఉద్యోగ జీవితంలో నేను విన్న మాటల్లో ఇంత దుర్మార్గమైనది లేదు. హత్య చేసినవాళ్లతో మాట్లాడాను. వాళ్లలో కొందరు తప్పు చేశామని ఏడ్చారు. ఇతను ఏడవలేదు. తెలివిగా చేశానని అనుకున్నాడు. పిల్లలూ, ఇది బాగా వినండి. పత్రికలో అబద్ధం రాయడానికి అబద్ధం రాయక్కర్లేదు. రెండు నిజాలు పక్కపక్కన పెట్టి, మూడోదాన్ని తీసేస్తే చాలు.

ఆ మధ్యాహ్నమే ఆళ్లగడ్డ పోయాను. మాబక్క పొయ్యిలో నిప్పు లేదు. బయటి బెంచీని ఎవరో కాలువలో పడేశారు. పొద్దున చేసిన ఉగ్గాని పాత్ర నిండుగా అలాగే ఉంది, బొరుగులు ముద్దగట్టి. ఫోన్లలో అప్పటికే ఇంకో కథ తిరుగుతోంది. మా పేపరు ముక్క ఫోటో, దాని కింద ఆమె పేరు, ఆమె మతం, ఆమె వంటలో ఏదో కలిపిందని. ఎవరు రాశారో తెలియదు. దానికి మొదటి ఇటుక మాత్రం మా పేజీయే. హోటల్ గది యజమాని వచ్చి ఖాళీ చేయమన్నాడట.

నేను రాసింది వేరని, మార్చేశారని చెప్పాను. ఆమె అంతా విన్నది.

"నీ పేరుండాదంట కదా పైన?"

"ఉండాదక్కా. నేను రాసింది కాదు."

"నాకు చదువు రాదు. చదివినోళ్లు నీ పేరే చెప్తాండారు. మంచి రాయమని నేను నిన్నెప్పుడన్నా అడిగినానా? రాయొద్దన్యా. మీ రాతలు లేకుంటే నా బతుకు నేను బతుకుతాంటి."

ఇద్దరు శిల్పులు వచ్చి గడప మీద కూర్చున్నారు. అందులో పెద్దాయన "మేం తింటాం, రొట్టె చెయ్యక్కా" అన్నాడు. ఆమె లేచి పిండి కలిపింది. ఆ రోజు తిన్నది ఆ ఇద్దరూ, నేనూ మాత్రమే. వారం తిరగకుండా గదికి తాళం పడింది. ఆమె చాగలమర్రిలో కూతురింటికి పోయింది.

అవ్వ ఆఫీసుకు వచ్చిన రోజు

పెళ్లివాళ్లు కోలుకున్నారు. నేను వాళ్ల పల్లెకు పోయి లక్ష్మమ్మవ్వకు జరిగింది చెప్పాను. ఆమె చీర కొంగు దోపుకుని "పద, మీ ఆఫీసు యాడుండాదో చూపియ్యి" అంది.

మధు ఆమెకు కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. ఆమె కాఫీ ముట్టలేదు.

"నాయనా, ఆ తురకామె ఉగ్గాని నేను తిన్యా. నేను చచ్చినానా? నీ ఎదురుగా ఉండా కదా."

"అవ్వా, మేం ఆమెను ఏమీ అనలేదు."

"అనలేదా? మా ఊర్లో అందరూ ఆమెనే తిడ్తాండారు. వాళ్లకు చెప్పిందెవరు, నేనా? మళ్లీ రాస్తావా, రాయవా?"

"చూస్తాం అవ్వా."

"చూస్తాం అంటే రాయం అని. మా సర్పంచి గూడా అట్లనే అంటాడు."

ఆమె లేచి నడిచిపోయింది. ఆ ఆఫీసులో జర్నలిజం చదివినవాళ్లు ఎంతమంది ఉన్నారో, ఒక్కరు కూడా తల ఎత్తలేదు. కంప్యూటర్లలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ తలల మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. మధు మీదకంటే వాళ్ల మీదే ఎక్కువ. ఒక్కడు లేచి "సార్, ఈమె చెప్పేది వేద్దాం" అంటే ఏమయ్యేది? బదిలీ అయ్యేది. అంతే కదా.

ఆహార తనిఖీవాళ్లు రెండు చోట్లా శాంపిళ్లు తీసుకుపోయారు. ఫలితం రావడానికి నెలలు పట్టింది. మాబక్క దగ్గర తప్పేమీ లేదు. పెద్ద హోటల్ మాంసంలో దోషం తేలింది. వాళ్లు జరిమానా కట్టి, వంటగదికి కొత్త టైల్స్ వేయించుకుని, యథావిధిగా నడుపుకున్నారు. ఆ ఫలితం మీద వార్త రాసి పంపాను. రాలేదు. మళ్లీ పంపాను. అదీ రాలేదు. తర్వాత నా ఆదివారం శీర్షిక ఆగిపోయింది. ఆ జాగాలో పెద్ద హోటళ్ల రంగుల పేజీ వచ్చింది, కింద ఎక్కడో చీమంత అక్షరాల్లో "ప్రకటన" అని. నన్ను మార్కెట్ యార్డు ధరలు రాయమన్నారు. రిటైరయ్యేదాకా పప్పు శెనగల ధర, వడ్ల ధర రాశాను. ఒక్క సంతోషం ఉంది. ఆ అంకెలను ఎవరూ కుదించలేదు.

మీలో కొందరు అడుగుతారు, అప్పుడే ఎందుకు వదిలేసి రాలేదని. వదిలేస్తే వాళ్లకు ఇంకా సుఖంగా ఉండేది. ప్రతిరోజూ నా ముఖం వాళ్లకు కనపడాలనుకున్నాను. అది సరైందో కాదో మీరే తేల్చుకోండి. నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ పేరు మీద వచ్చే ప్రతి వాక్యం అచ్చుకు ముందు మీకు చూపించమని అడగండి. చూపించనంటే పేరు తీసేయమనండి. పేరు ఎంత విలువైందో, అది మీకు వ్యతిరేకంగా నిలబడిన రోజు తెలుస్తుంది.

పల్లె వంట

మొన్న వేసవిలో బంధువులతో ప్రొద్దుటూరు పోతున్నాను. భోజనానికి కారు ఆ పెద్ద హోటల్ ముందే ఆపారు. నేను దిగనన్నాను. కారులో ఉక్కపోస్తుంటే బయటికి వచ్చి నీడకు నిలబడ్డాను. హోటల్ పక్కన కొత్తగా ఒక రేకుల షెడ్డు వేశారు. "పల్లె వంట, జొన్న రొట్టె" అని బోర్డు. రొట్టె తడుతున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడులో ఏదో తెలిసిన తీరు ఉంది. లోపలికి తొంగి చూస్తే మాబక్క.

ఆమె నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "కూచో సుబ్బన్నా" అంది.

"నువ్వు ఈడ ఎందుకుండావక్కా? వీళ్ల దగ్గర?"

"యాడ చేయాల మరి? కూతురింట్లో ఎన్ని దినాలు కూచుంటా? నాకు పొయ్యి కావాల. వాళ్లకు రొట్టె కావాల. వాళ్ల కోడి నేను ముట్టనని ముందే చెప్పినా. నా పెనం నాది, నా పిండి నేనే చూసుకుంటా. ఒప్పుకుంటేనే వచ్చినా."

కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె రొట్టె తిప్పి, గుడ్డతో అద్దింది. అది పొంగింది.

"ఓనరుకు నువ్వెవరో తెలుసా?"

"తెలీకుండా ఎట్లుంటాది? చేరిన దినమే నేనే చెప్పినా. మీ బిర్యానీ తప్పుకు నా పొయ్యి ఆరిపోయింది, అది మీరెరగాల అని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. తప్పు చేసినోని మాదిరి తల వంచుకున్యాడు." రొట్టె తీసి పళ్లెంలో వేసి, పక్కన ఊరుబిండి పెట్టి నా ముందుకు జరిపింది. "మీ పేపరోళ్లు అది గూడా చేయలే."